సందు చుక్కలు

“నా ఫోన్ల గా యాప్ పెట్టమంటే పెట్టవేందిరా? ఆయన నాకేమన్న కిరాయికున్నోడా?”

మధుకర్ దోసె ముక్కను చట్నీలో ముంచి, నోట్లో పెట్టుకోకుండా అలాగే పట్టుకున్నాడు. ఈ మాట శుక్రవారం మొదలైంది. శనివారం పొద్దున ఆగింది, సాయంత్రం మళ్లీ లేచింది. ఆదివారం టిఫిను దగ్గరికి వచ్చేసరికి తల్లీకొడుకుల గొంతులు రెండూ బాగా కాగి ఉన్నాయి.

“అమ్మా, ఇంటికి ముగ్గురికే ఇస్తరు. నేను, ప్రియ, అక్క. అయిపోయింది.”

“నీది తీసి నాకు పెట్టు.”

“డాక్టరు ఏమన్న అడిగితే ఇంగ్లీషుల నువ్వు మాట్లాడ్తవా?”

“మాట్లాడ. సూస్త,” అంది నీలమ్మ.

“ఏం జూస్తవ్? ఎర్ర గంట కొడ్తది టింగు టింగుమని. మీటింగుల నాకే గుండె ఆగినట్లయితది. నువ్వు పరేషానయి బీపీ తెచ్చుకుంటవ్.”

“గంట కొట్టేది మీ బాపు లేషిండనే గదా. మొగుడు మంచం మీదికెళ్లి లేస్తే పెండ్లానికి తెల్వొద్దా?”

పొయ్యి దగ్గర కృష్ణప్రియ నవ్వు ఆపుకుని దోసె తిప్పింది. పదమూడేళ్ల హరిత ఆపుకోలేదు. “డాడీ, నానమ్మ గెలిచింది!”

“నువ్వు తిను ముందు.”

నీలమ్మ భర్త రామన్న ఏడాదిన్నరగా కొండాపూర్‌లో ముసలివాళ్లను చూసుకునే ఒక చోట ఉంటున్నాడు. ఇంట్లో అందరూ దాన్ని ‘హోమ్’ అంటారు. డెబ్బై నాలుగేళ్ల మనిషి. నల్లా నీళ్ల డిపార్టుమెంటులో ముప్పై ఒక్క ఏళ్లు లైన్‌మన్‌గా చేశాడు. మతి పోయే జబ్బు వచ్చింది. మొదట పేర్లు పోయాయి, తర్వాత మనుషులు పోయారు. ఒక మధ్యాహ్నం మణికొండ ఫ్లాటు దిగి ఎవరికీ చెప్పకుండా వెళ్లి, పుప్పాలగూడ రోడ్డు నడిమధ్యలో గొంతుక్కూర్చున్నాడు. రెండు వైపులా కార్లు ఆగి హారన్లు కొడుతుంటే ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు. ఆ తర్వాతే హోమ్.

నీలమ్మ అప్పుడు సరే అనలేదు, వద్దనీ అనలేదు. బుధవారం, శనివారం పొద్దున ఆటోలో వెళుతుంది. పదింటి నుంచి ఒంటిగంట వరకే బయటివాళ్లను రానిస్తారు. అరటిపండు వలిచి పెడుతుంది, గోళ్లు తీస్తుంది. “ఎవలమ్మా నువ్వు, మంచిగ జేస్తున్నవ్” అంటాడు ఆయన మర్యాదగా. ఇంటికొచ్చి హరిత బడి నుంచి వచ్చేలోగా ఒక పావుగంట తలుపేసుకుని కూర్చుంటుంది. అంతే.

అక్కడి పరుపుల కింద ఒక పలుచని చాప ఉంటుంది. మామిడి తాండ్రంత మందం. ఆయన లేచి పాదాలు నేలమీద పెడితే చాలు, ఆయా నడుముకున్న ఫోనూ, మాదాపూర్ ఆఫీసులో కొడుకు ఫోనూ ఒక్కసారే మోగుతాయి. ఆ సంగతి మొదటిసారి విన్నరోజు నీలమ్మ పరుపు ఎత్తి, చాపను వేలితో తాకి చూసింది. తీగ లేదు, దీపం లేదు. ఆయన ఊపిరి కూడా లెక్కపెడుతుందట. నలభై ఏళ్లకు పైగా ఆయన పక్కన పడుకుని తాను ఏ రోజూ ఊపిరి లెక్కపెట్టలేదు కదా అనుకుంది.

ఆయాలకు రాసే పని కూడా లేదు. ఫోను నోటి దగ్గర పెట్టుకుని, తాత తిన్నాడు, పడుకున్నాడు అని చెబితే, ఆ ఫోనే దాన్ని ఇంగ్లీషులోకి మార్చి ఇంటివాళ్లకు పంపుతుంది.

అయితే గొడవ ఫోను గురించి కాదని ముగ్గురికీ తెలుసు. ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద ఒక కాగితం ఉంది. రామన్నకు రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే నెమ్మదించే మాత్ర వేయడానికి, సాయంత్రం దాకా బెల్టున్న కుర్చీలో కూర్చోబెట్టడానికి ఒప్పుకుంటున్నట్టు భార్య సంతకం పెట్టాలి. ఆయన మధ్యాహ్నాలు లేచి తిరుగుతున్నాడు. ఆపితే కొడుతున్నాడు. జూన్‌లో పడి కనుబొమ్మకు నాలుగు కుట్లు పడ్డాయి. పోయిన నెల గంగమ్మ అనే ఆయాను తోస్తే ఆమె మణికట్టు గోడకు తగిలి వాచింది. బుధవారంలోగా సంతకం ఇవ్వండి, లేకపోతే ఇంకో చోటు చూసుకోండి అని మర్యాదగానే చెప్పారు.

ఆ మాత్ర ఏం చేస్తుందో నీలమ్మ చూసింది. పక్క మంచం విశ్వేశ్వరరావు గారు అది మొదలుపెట్టాక కళ్లు తెరుచుకునే నిద్రపోతున్నాడు. అంతకుముందు ఆమె వెళ్లగానే “రండమ్మా, కాఫీ తాగారా” అని రోజుకు పదిసార్లు అడిగేవాడు. ఇప్పుడు అడగడు.

“నేను సంతకం పెట్టమంటలేను అత్తమ్మా,” కృష్ణప్రియ ప్లేటు పట్టుకొచ్చి కూర్చుంది. ఆఫీసులో ఆమె పని తప్పులు వెతకడమే. “కానీ నేను గూడ చూసిన. జూన్ కాడికెళ్లి మొత్తం తీసి చూసిన. సోమవారం ఎన్నిసార్లు లేచిండు, మంగళవారం ఎన్నిసార్లు లేచిండు అని. అన్ని వారాలూ ఒక్కతీర్గనే ఉన్నయి. ఏ ఆయా డ్యూటీ ఉన్నా అంతే. ప్యాటర్న్ ఉంటే ఏదో ఒకటి చేయొచ్చు. లేదు.”

“అంటే?”

“ఒక వరుస, ఒక లెక్క అన్నట్టు.”

“లెక్క లేకుండ ఆయన చెయ్యి గూడ కదిలియ్యడు,” అంది నీలమ్మ.

“మతే పోయినంక లెక్క యాడిది అమ్మా,” అన్నాడు మధుకర్. గట్టిగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

* * *

పదకొండింటికి మొగుడూపెళ్లాలు తెల్లాపూర్‌లో ఎవరిదో గృహప్రవేశానికి వెళ్లారు. హరితకు మర్నాడు లెక్కల పరీక్ష. పుస్తకం ముందు పెట్టుకుని అరగంట కూర్చుని, అది మూసి నానమ్మ దగ్గరికి వచ్చింది.

“మమ్మీ పాత ట్యాబ్‌ల ఆ యాప్ ఉంది. చూస్తవా? డాడీకి చెప్పొద్దు మరి.”

“నేనేం జెప్త. నువ్వే నవ్వి చెప్తవు.”

ఇద్దరూ నేలమీద కూర్చున్నారు. హరిత వేలితో పైకి తోసింది. “నిన్నటిది. ఆగస్టు పదహారు. ఇంగ్లీషుల ఉంది, తెలుగుల చెప్తా విను. ‘నివాసి మధ్యాహ్నం అశాంతిగా ఉన్నారు. చేతులతో ఒకే కదలిక మళ్లీ మళ్లీ చేశారు. తిరిగి తీసుకురాగా దూకుడుగా ప్రవర్తించారు.’”

“ఎవలు రాసిన్రు?”

“గంగమ్మ అని ఉంది.”

“గంగమ్మ గిట్ల మాట్లాడదు.”

“గంగమ్మ మాట్లాడింది, ఇది రాసింది నానమ్మా.”

“మరి గంగమ్మ మాట యాడికి వోయింది?”

హరిత వేలితో ఇంకొంచెం తోసింది. తెర అడుగున చిన్న బొమ్మ ఒకటి కనిపించింది, చెవి ఆకారంలో. దాన్ని నొక్కింది. మణికొండ ఫ్లాటు హాల్లో వికారాబాద్ దిక్కు గొంతు ఒకటి లేచింది.

“ఇయ్యాల శనివారం. తాత బువ్వ మంచిగనే తిన్నడు. రెండున్నరకు లేషిండు. పోయి, బాత్రూముల ముంగట గా గుండ్రం మూత ఉంటది గద, గక్కడ నిలవడి రెండు చేతుల్తోని తిప్పుడు వెట్టిండు. పద్నాలుగు సార్లు తిప్పిండు, నేను లెక్కవెట్టిన. తిప్పి, తలకాయ వంచి ఇన్నడు. తోల్కొచ్చి పండవెట్టిన. మూడు ముప్పావుకు మల్ల లేషిండు. పోనియ్యలే. కొట్టిండు. ఏడ్షిండు గూడ.”

ఏడ్చాడని ఆ ఇంగ్లీషులో లేదు.

“ఇంకోటి వెట్టు,” అంది నీలమ్మ.

పద్నాలుగో తేదీది వచ్చింది. మళ్లీ రెండున్నర. మళ్లీ పద్నాలుగు చుట్లు. పన్నెండోది పోచమ్మ గొంతు. ఆమె చుట్లు లెక్కపెట్టలేదు. “ఏదో తిప్పుతుండు” అని ఊరుకుంది. నీలమ్మ గోడకు ఆనుకుంది. మియాపూర్ దిక్కు బస్తీలకు నీళ్లు వదిలే పెద్ద వాల్వుకు పద్నాలుగు చుట్లు. పదమూడు తిప్పితే మిద్దెలకు ఎక్కవు, పదిహేనోది తిరగదు. ఈ మాట ఆయన అన్నం తింటూ ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఆమె పట్టించుకున్నదీ లేదు.

“హరితా, ఆ క్యాలెండర్ తియ్యి. ఏ దినం లేషిండో ఆ దినం మీద సుక్క వెట్టు.”

కిరాణా కొట్టువాడిచ్చిన పెద్ద గడుల క్యాలెండరు అది. అమావాస్యకో పండక్కో తప్ప ఎవరూ దానివైపు చూడరు. హరిత కాగితాలు విప్పి, జూన్, జూలై, ఆగస్టు మూడూ వరసగా నేలమీద పరిచింది. ఎర్ర స్కెచ్ పెన్ను తెచ్చింది. ట్యాబ్ చూసుకుంటూ చుక్క పెట్టుకుంటూ పోయింది. మొదట ఆటగా పెట్టింది. జూన్ సగానికి వచ్చేసరికి ఆమె చెయ్యి నెమ్మదించింది.

“నానమ్మా, చెస్ బోర్డు!”

నీలమ్మ మోకాళ్ల మీద వంగి చూసింది. గడి వదిలి గడి. పక్క వరసలో ఖాళీ ఉన్న చోట ఇక్కడ చుక్క, ఇక్కడ ఖాళీ ఉన్న చోట అక్కడ చుక్క. పెళ్లయిన నాటి నుంచి పొద్దున్నే ఆమె వాకిట్లో పెట్టినవి ఇవే.

“సందు సుక్కలు,” అంది.

“ఏం చుక్కలు?”

“ముగ్గుకు వెడ్తం సూడు. రెండు సుక్కల నడుమ సందుల కింది సుక్క.” ఆమె గొంతు తనకే కొత్తగా వినిపించింది. “దినం ఇడిసి దినం. ఒక దినం నీళ్లు, ఒక దినం లేవు. మీ తాత వాల్వు తిప్పనీకి పోతుండు బిడ్డా.”

హరిత చుక్కలు మళ్లీ చూసింది. లెక్కల పరీక్ష పిల్ల కదా, తప్పు పట్టుకుంది. “ఇగో, జూన్ పదమూడున లేదు. రావాలె అక్కడ.”

“ఆ దినం కుట్లకని దవాఖాన్ల ఉన్నడు. పరుపు మీద లేడు.”

“మరి పదిహేనున?”

“ఉందా?”

“ఉంది. కరెక్టుగా తన గడిలోనే పడింది.” హరిత నోరు కొంచెం తెరుచుకుంది. దవాఖానలో మూడు రోజులు మత్తులో ఉండి వచ్చిన మనిషి, ఏ రోజు తప్పిపోయిందో ఏ రోజు తప్పకూడదో మరిచిపోలేదు. పిల్ల వేలు జూలై చివరికి జారింది. “నానమ్మా, ఇది చూడు. జూలై అంతా ఒకటి, మూడు, ఐదు... ముప్పై ఒకటి. ఆగస్టు ఒకటి పెట్టాలి గదా మళ్లీ? పెట్టలే. రెండుకు పోయిండు. నెలల ముప్పై ఒక్క దినాలున్నయని తాతకెవరు చెప్పిన్రు?”

“ఎవలూ జెప్పలే. తారీకులతోని ఆయనకేం పని.”

“మరెట్ల తెలుస్తది?”

నీలమ్మకు తెలియదు. కూతురి పేరు తెలియదు ఆయనకు. అన్నం తిన్నాడో లేదో పది నిమిషాలకు తెలియదు. ఇంత లెక్క ఎక్కడ దాచుకున్నాడు? ఏ గోడ మీద గీతలు గీసుకున్నాడు?

“ఒక్కటి మాత్రం తప్పింది,” అంది హరిత ఓడిపోవడం ఇష్టం లేనట్టు. “జూలై పందొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి. వరసగా మూడు చుక్కలు. నడుమది ఉండొద్దు.”

“ఇరవై ఏం వారం?”

“ఆదివారం.” కింద చిన్న అక్షరాలు చదివింది. “బోనాలు.”

“ఆ దినంది వెట్టు. గంగమ్మ మాట.”

గంగమ్మ మాట్లాడకముందే డప్పుల చప్పుడు వచ్చింది. దూరం నుంచి మొదలై, హోమ్ కిటికీల కింది నుంచి పోతున్నట్టు దగ్గరై, మళ్లీ తగ్గింది. దాని మీదుగా గంగమ్మ అరుస్తున్నట్టు చెప్పింది, “బయట బోనాలు పోతున్నయి, సప్పుడుకు తాత లేషిండు, ఇయ్యాల లేసే దినం గాదు, అయినా లేషిండు, పోయి తిప్పిండు...”

గంగమ్మకు తెలుసు. ‘ఇయ్యాల లేసే దినం గాదు’ అంటోంది.

బోనాల రోజు నీళ్ల రోజు కాకపోయినా ఆయన సొంతంగా వెళ్లి ఒక గంట నీళ్లు వదిలేవాడు. ఆడవాళ్లు తలస్నానాలు చేయాలి, వాకిళ్లు కడగాలి, బోనం వండాలి. కొండాపూర్‌లో నాలుగో అంతస్తులో కూర్చున్నవాడు ఆ డప్పులు విని, ఆడవాళ్లు ఖాళీ బిందెలతో నిలబడి ఉంటారని లేచాడు. ఆ డప్పులను ఎవరూ దాచమని చెప్పకుండానే ఆయా ఫోను దాచింది. నెల తర్వాత తీసి ఆమె చేతిలో పెట్టింది. నీలమ్మ ట్యాబ్ వైపు చూసింది, బోర్లించిన అద్దం వైపు చూసినట్టు. దాని మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది.

“ఏడుస్తున్నవా నానమ్మా?”

“లేదు. మనుషులందరు పోయిన్రు ఆయన మతిలకెళ్లి. నేను గూడ పోయిన. నీళ్లు పోలే.”

* * *

సాయంత్రం ఐదింటికి కొడుకూ కోడలూ వచ్చేసరికి హాలు నిండా క్యాలెండరు కాగితాలు. మధుకర్ చెప్పులు విడుస్తూనే ఆగిపోయాడు.

“ఇయ్యాల గంట కొట్టిందారా?” అంది నీలమ్మ.

“లేదు.”

“కొట్టది. రేపు రెండున్నరకు కొడ్తది. మల్ల మూడు ముప్పావుకు.”

“నీకెట్ల ఎరుక?”

హరిత చెప్పింది, ఒక్క ఊపిరిలో. మధుకర్ సగం నమ్మి సగం నమ్మనట్టు నవ్వాడు. కృష్ణప్రియ నవ్వలేదు. పట్టుచీరతోనే నేలమీద కూర్చుని, చుక్కల మీద వేలు పెట్టి ఒక్కో వారం చూసింది. చూసి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

“వారాల లెక్కన చూసిన నేను. ఒక వారం సోమ, బుధ, శుక్ర, ఆది. తర్వాతి వారం మంగళ, గురు, శని. అన్నీ కలిపితే అన్ని వారాలు సమానమే అయితయి గదా. మా ఆఫీసుల అన్నీ వారాల్లోనే చూస్తం.” అత్తవైపు తలెత్తింది. “చిన్నపిల్లకు దొరికేది నాకు దొరకలే అత్తమ్మా.”

“నీకు గంగమ్మ మాట ఇనే తీరిక యాడిది,” అంది నీలమ్మ. తిట్టలేదు. ఉన్న మాట అంది.

* * *

సోమవారం కృష్ణప్రియ పూట సెలవు పెట్టింది. అత్తాకోడళ్లిద్దరూ ముందే ఫోన్‌లో అడిగి రెండింటికల్లా హోమ్‌కు వెళ్లారు. అక్కడ అన్నీ చూసుకునే భానుశ్రీ, గోదావరి జిల్లా అమ్మాయి, గుండ్రం కళ్లద్దాలు. క్యాలెండరు కాగితాలు ఆమె బల్ల మీద పరిస్తే చాలాసేపు చూసింది.

“నాకు ఒళ్లు ఝల్లుమంటోందండి,” అంది నిజాయితీగా. “కానీ అమ్మా, రెండోసారి కూడా వదిలేయమంటున్నారు. పడితే బాధ్యత నాది కదండీ.”

“గంగమ్మ ఎనక నడుస్తది. నేను పక్కన నడుస్త. మేం పట్టుకోం, పోనిస్తం. అంతే.”

భానుశ్రీ కళ్లద్దాలు తుడుచుకుంది. “ఇవాళ ఒక్కరోజేనండి” అంది.

గంగమ్మ నలభై ఏళ్ల బక్కపల్చని మనిషి. మణికట్టుకు ఇంకా గుడ్డ కట్టి ఉంది. నీలమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

“ఆ దినం గాకున్నా లేషిండని నువ్వే అన్నవ్. నీకెరుకే ఉండె గదా.”

“అయ్యో పెద్దమ్మా, మొదటి నెల్లనే ఎరుకైంది,” అంది గంగమ్మ. “దినాం ఫోన్ల చెప్తనే ఉన్న. నా మాట ఇంగ్లీషుల ఏమైతదో నాకేం ఎరుక? ఇంటోళ్లు ఇంటున్నరు, ఏదో జేస్తరు అనుకున్న. ఎవలూ ఇంటలేరని నాకు తెల్వకపాయె.”

కృష్ణప్రియ తలదించుకుంది. భానుశ్రీ కూడా.

రామన్న మంచం మీద కిటికీ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. రెండూ ఇరవై అయింది. ఇరవై ఐదు అయింది. వరండాలో ఫ్యాను తప్ప చప్పుడు లేదు. గోడ గడియారం ఆయనకు కనిపించదు. అది తల వెనక ఉంది. నీలమ్మ ఊపిరి బిగబట్టింది. చాప లెక్కపెట్టే ఊపిరి ఆయనదే కదా, తనది కాదు కదా అనుకుంది.

రెండున్నరకు ఆయన కళ్లు తెరిచాడు. ఎవరో పేరుపెట్టి పిలిచినట్టు లేచి కూర్చున్నాడు. పాదాలు నేలను తాకాయి. గంగమ్మ నడుము దగ్గర ఫోను మోగింది. కృష్ణప్రియ చేతిలోదీ మోగింది. అదే క్షణం మాదాపూర్‌లో మధుకర్ ఫోను కూడా మోగి ఉంటుంది. నాలుగు గోడల అవతల అంతమందికి ఒక్కసారే తెలిసింది, ఆయన పనికి బయలుదేరాడని.

ఆయన ఎవరివైపూ చూడలేదు. బొత్తాం సర్దుకున్నాడు. వరండా గోడ పట్టుకుని నడిచాడు. బాత్రూముల ముందు నేలలో ఒక గుండ్రటి ఇనుప మూత ఉంది, మురికి నీళ్లది. దాని ముందు కాళ్లు ఎడం చేసి నిలబడ్డాడు. వాల్వు తిప్పే నడుమెత్తు ఇనుప చావి ఒకటి అక్కడ ఉన్నట్టు, దాని అడ్డకడ్డీ రెండు చేతులా పట్టుకున్నట్టు పట్టుకుని, ఒళ్లంతా వేసి తిప్పాడు. పుప్పాలగూడ రోడ్డు మీద కూర్చున్నది ఎందుకో నీలమ్మకు అప్పుడు తెలిసింది. అక్కడా ఒక మూత ఉండి ఉంటుంది.

ఒకటి. రెండు. మెడ నరాలు ఉబ్బాయి. ఏడు. ఎనిమిది. కొన్నాళ్లుగా చెంచా వణకకుండా పట్టలేని చేతులు వణకలేదు. పన్నెండు, పదమూడు. పద్నాలుగోది సగంలో ఆపి, బిగువు చూసి, మిగతా సగం తిప్పాడు.

తల వంచి విన్నాడు. అక్కడ వినడానికి ఏముంది? కానీ ఆయన ముఖం మీదికి నీళ్లు వచ్చాయి. వచ్చిన సంగతి ఆ ముఖం చూసిన ఎవరికైనా తెలుస్తుంది. కృష్ణప్రియ గోడకు వీపు ఆనించి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

రామన్న చుట్టూ చూసి, నీలమ్మను చూశాడు.

“సూస్తవేంది? నీళ్లొచ్చినయి. పోయి బిందె తెచ్చుకోపో.”

“తెచ్చుకున్న,” అంది నీలమ్మ.

“ముందటోళ్లను పట్టుకోనియ్యి. అందరికొస్తయి.”

“సరే.”

ఇన్నాళ్లూ ఇక్కడి నుంచే ఆయన్ని వెనక్కి తెచ్చి పడుకోబెట్టి తలుపు వేసేవారు. ఇవాళ వరండాలోనే కుర్చీ వేశారు. ఆయన మూత కనబడేలా కూర్చున్నాడు. గంగమ్మ టీ ఇస్తే తాగాడు. భానుశ్రీ అడిగింది, ఇక అయిపోయినట్టేనా అని.

“కాలే,” అంది నీలమ్మ. “ఇప్పుడే తెరిషిండు. తెరుసుడు ఎవడైన తెరుస్తడు, బందు వెట్టుడే నౌకరి అనేటోడు. యాళకు బందు వెట్టకపోతే కింది బస్తీకి సుక్క రాదు. పైన మోర్లల్ల పోతనే ఉంటయి. మీరు మూడు ముప్పావుకు ఆయన్ని పట్టుకుంటరు. ఆయన మతిల నీళ్లు పొద్దూకేదాంక పోతనే ఉంటయి. కొట్టకేం జేస్తడు?”

గంగమ్మ చేతిగుడ్డ వైపు చూసుకుని, “అబ్బ, పెద్దాయనా” అంది మెల్లగా.

మూడు ముప్పావుకు లేచాడు. గంగమ్మ వెనక, నీలమ్మ పక్కన. ఈసారి ఎదురు దిక్కుకు పద్నాలుగు చుట్లు. ఆఖరున మూత మీద మడమతో రెండుసార్లు తట్టి చూశాడు. చేతులు దులుపుకున్నాడు. నడుము పట్టుకుని నిటారుగా నిలబడి, ఎదురుగా ఎవరూ లేని వరండాలోకి పెద్దగా, “అయిపోయినయ్!” అని కేకేశాడు. పక్క గదిలోంచి విశ్వేశ్వరరావు గారు కళ్లు తిప్పి చూశాడు.

తర్వాత తనంతట తానే గదికి నడిచి పడుకున్నాడు. ఎవరినీ కొట్టలేదు. ఏడవలేదు. ఐదున్నరకు భానుశ్రీ తన కంప్యూటరు తెర వాళ్లవైపు తిప్పింది. చాప రాసిన గీతలు. నీళ్ల రోజుల్లో మూడు ముప్పావు నుంచి ఏడింటిదాకా రంపపు పళ్లలా లేచి ఉన్నాయి. ఇవాళ్టిది మూడు ముప్పావుకు ఒక్కసారి లేచి, చదునుగా పడుకుంది.

“ఇది ఇంతుంటుందని నాకు తెలియదండి,” అంది భానుశ్రీ. గీతను గురించో మనిషిని గురించో చెప్పలేదు.

* * *

ఏడింటికి మణికొండలో అందరూ ఉన్నారు. విషయం విని మియాపూర్ నుంచి పెద్దకూతురు రేఖ కూడా మెట్రో ఎక్కి వచ్చింది. కృష్ణప్రియ జరిగింది చెబుతుంటే రేఖ రెండుసార్లు ముక్కు చీదింది. మూడోసారి నవ్వింది.

“నన్ను సూస్తే ఎవలమ్మా అంటడు. వాల్వు మాత్రం యాదికున్నది. పెద్దబిడ్డ కంటె వాల్వే ఎక్కువైందన్నట్టు.”

“వాల్వుకు పెండ్లి జెయ్యనీకి పరేషాన్ కాలేదక్కా, అందుకే యాదికున్నది,” అన్నాడు మధుకర్. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. రెండున్నరకు మీటింగు మధ్యలో ఫోను మోగినప్పుడు తాను కుర్చీలోంచి లేచి నిలబడ్డానని, అందరూ తనవైపే చూశారని అంతకుముందే చెప్పాడు. అయినా కొడుకు కదా, భయం పోలేదు. “కానీ అమ్మా, ఒక్క దినం చూసినం. గంగమ్మ సెలవు పెడితే? కొత్త ఆయా వస్తే? సంతకం పెట్టి ఉంచుదాం. అవసరమైతేనే మాత్ర వెయ్యమందాం.”

“పెట్టి ఉంచితే ఎవలన్న ఒకనాడు వేస్తరు తమ్మీ,” అంది రేఖ.

“మరి పడితే ఎట్లక్కా?”

“నేను దినాం రాలేను గద మియాపూర్‌కెళ్లి...”

“వదినా, నేను సోమవారం పూట వెళ్లొచ్చు, కానీ అది వారాల లెక్క గాదాయె,” అంది కృష్ణప్రియ. అందరూ మాట్లాడారు. ఒకరి మాట ఒకరికి తగులుతోంది. హరిత పరీక్ష ఎలా రాసిందని అడగడం ఇంకా ఎవరికీ గుర్తు రాలేదు.

నీలమ్మ వంటింట్లోంచి చెంబుతో మంచినీళ్లు తెచ్చి నడుమ పెట్టింది. కూర్చుంది. గొంతు పెంచలేదు. అందుకే ఒక్కొక్కరే ఆగారు.

“కాగితం భానుశ్రీకి తిరిగి ఇచ్చిన. సంతకం పెట్టలే.”

మధుకర్ ఫ్రిజ్ వైపు చూశాడు. అయస్కాంతం ఒక్కటే ఉంది.

“నీళ్ల దినం రెండింటికి నేను కొండాపూర్ పోత. ఆయన తెరిషినప్పుడు ఉంట, బందు వెట్టినప్పుడు ఉంట. భానుశ్రీతోని మాట్లాడిన, ఆ దినం మధ్యాహ్నం గూడ రానిస్తరు. ఆరింటికి ఇంటికొస్త. ఆ దినం హరిత తాళంచెవి పట్టుకపోతది, వచ్చి తనే బువ్వ వెట్టుకుంటది. ప్రియా, రాత్రి వంట నువ్వు జూసుకో. నేను సచ్చేదాంకనో, ఆయన లేసుడు బందు జేసేదాంకనో గిట్లనే.”

నీలమ్మ చెంబు ఎత్తి గ్లాసుల్లో నీళ్లు పోసింది, మొదట కొడుక్కి.

“రేపు పోను,” అంది. “ఎల్లుండి పోత.”